పరుగు ఆపాక పిల్లికూతలు: ఉబ్బసం ఉంటే పరుగు మానేయాలా?

ప్రశ్న: తమ్ముడికి ఉబ్బసం ఉంది. కానిస్టేబుల్ సెలక్షన్లకి శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియంలో 1600 మీటర్లు ప్రాక్టీస్ చేస్తున్నాడు. పరిగెడుతున్నంతసేపూ బానే ఉంటాడు, ఆగిన ఐదు నిమిషాలకి దగ్గు, పిల్లికూతలు. మానిపించేయమంటారా?

జవాబు: మానిపించకండి. పరుగులో నోటితో పీల్చే గాలి ముక్కులో వెచ్చబడకుండా, తడి పట్టకుండా నేరుగా లోపలికి పోతుంది. శ్వాసనాళాల లోపలి పొర ఆరిపోయి, చుట్టూ ఉన్న కండరం బిగుస్తుంది. అందుకే ఆగాక 5 నుంచి 10 నిమిషాల్లో ఎక్కువై, సాధారణంగా గంటలోపు తగ్గుతుంది. పుష్యమాసం తెల్లవారుజామున మంచులో, నూర్పుల దుమ్ములో ఇంకా ఎక్కువ. ముందు 10–15 నిమిషాలు వార్మప్ చేయించండి: నడక, మెల్లటి పరుగు, మధ్యమధ్య 30 సెకన్ల వేగం. ఇలా చేస్తే చాలామందికి తర్వాతి గంటా రెండు గంటలు బిగుతు తక్కువగా ఉంటుంది. చివర్లో కూడా ఒక్కసారిగా ఆగకూడదు.

ఇంకో జవాబు: డాక్టరు సాల్బుటమాల్ (బిగుసుకున్న శ్వాసనాళాలను వదులుచేసే ఇన్‌హేలర్ మందు) రాసుంటే, పరుగుకి 15 నిమిషాల ముందు సాధారణంగా 2 పఫ్‌లు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: నేరుగా నోట్లో కొట్టేసుకుంటే మందు చాలావరకు గొంతుకి తగిలి అక్కడే ఆగిపోతుంది. ఇన్‌హేలర్ బాగా ఊపి, స్పేసర్‌కి (ఇన్‌హేలర్ మూతికి తగిలించే బోలు గొట్టం) పెట్టి, ఒక్క పఫ్ కొట్టి, నెమ్మదిగా పీల్చి 10 సెకన్లు బిగబట్టాలి. అర నిమిషం ఆగి రెండోది.

ప్రశ్న అడిగినవారు: రోజూ వాడొచ్చా అండి?

జవాబు: రోజూ అదొక్కటే వాడితే పని చేయడం తగ్గుతుంది. వారంలో రెండుసార్లకి మించి అవసరమైతే శ్వాసనాళాల లోపల వాపు అదుపులో లేదన్నమాట. ఆ వాపుని తగ్గించే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ గురించి ఛాతీ డాక్టరుని అడగండి. అది వాడాక నోరు పుక్కిలించాలి. మాట పూర్తిచేయలేనంత ఆయాసం వస్తే ఇంట్లో కూర్చోబెట్టొద్దు, 108కి ఫోన్ చేయండి.