ఓర్లాండోలో లైన్ తప్పించుకున్నాం, హన్మకొండలో అక్క అన్నం వదిలేసి వెళ్లిపోయింది. మాది అంత తప్పా?

హంటర్‌రోడ్ 506

ఉన్నది ఉన్నట్టు చెప్తాను, తిట్టాలనిపిస్తే తిట్టండి.

మేలో అన్న దగ్గరికి అమెరికా వెళ్లాను. ఓర్లాండోలో డిస్నీ పార్కులకు తీసుకెళ్లాడు. అన్న, వదిన, వాళ్ల ఎనిమిదేళ్ల కొడుకు, నేను, మొత్తం నలుగురం. ఎక్కువసేపు లైన్లో నిలబడలేని వైకల్యం ఉన్నవాళ్లకు అక్కడ ఒక పాస్ ఇస్తారు. డాక్టర్ కాగితం అడగరు, వీడియో కాల్‌లో మాట్లాడి నిర్ణయిస్తారు. మావాడికి ఏ ఇబ్బందీ లేదు, అల్లరి తప్ప. అన్న ఆటిజం అని చెప్పాడు. పాస్ వచ్చింది. జనం ఎండలో గంటన్నర నిలబడ్డ చోట మేం ఐస్‌క్రీం తిని, వాళ్లిచ్చిన టైంకు వచ్చి, పక్క దారిలో లోపలికి వెళ్లాం.

మొన్న ఇంట్లో చిన్న దావత్ అయితే ఇదంతా యాక్షన్ చేసి మరీ చెప్పాను. ‘ఫోన్లో వాళ్లు కనిపిస్తే కళ్లలోకి చూడకురా’ అని అన్న కొడుక్కి ముందే నేర్పిన సంగతి కూడా. అందరూ పడిపడి నవ్వారు. పెద్దమ్మ కూతురు అక్క ఒక్కతే నవ్వలేదు. బగారా అన్నం సగం కూడా తినలేదు. పళ్లెం పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని, ఆటో పిలుచుకుని వెళ్లిపోయింది. అక్క కొడుక్కి ఆటిజం. నవ్వించే హడావిడిలో అది నాకు గుర్తే లేదు.

టికెట్ డబ్బులు అందరిలాగే కట్టాం. ఎవరి సీటూ లాక్కోలేదు. ఇది అంత పెద్ద తప్పా?

మిర్చియార్డు

లొల్లి చేసేంత ఏముంది తమ్మీ? మన దగ్గర వండర్‌లాలో ఫాస్ట్ ట్రాక్ టికెట్ అమ్మట్లేదా? గుళ్లో శీఘ్ర దర్శనం లేదా? పైసలున్నోడికి ఎప్పుడూ లైన్ లేదు. మీ అన్న పైసలు కాకుండా ఒక అబద్ధం పెట్టాడు, అంతే తేడా. అక్క బాధపడింది కాబట్టి సారీ చెప్పు. పాపం, పుణ్యం అంటూ దీన్ని పెద్దది చేయకు.

కాజీపేట జంక్షన్

మిర్చియార్డు అన్నా, ఆ తేడా ఎంతుందో నా కాలును అడుగు.

నాకు చిన్నప్పుడే పోలియో. ఎడమ కాలికి క్యాలిపర్. ఉద్యోగానికి వారానికి రెండుసార్లు సికింద్రాబాద్ వెళ్తాను. దివ్యాంగుల బోగీ చాలా బండ్లకు ఒక చివరనే ఉంటుంది. ప్లాట్‌ఫాం ఆ చివరిదాకా కుంటుకుంటూ పోయి ఎక్కితే లోపల మూటలు, పాల క్యాన్లు, పేకాట. సీటు అడిగితే ముందు ఎవరూ కదలరు. ‘నువ్వూ మాలాగే ఎక్కినవ్ కదా’ అన్నట్టు చూస్తారు. ప్యాంటు మోకాలి దాకా లేపి ఇనుప కడ్డీలు చూపిస్తే అప్పుడు జరుగుతారు. వారానికి రెండుసార్లు నలుగురి ముందు ప్యాంటు లేపుతాను అన్నా.

ఫాస్ట్ ట్రాక్ కొన్నవాడి మీద నాకూ కోపం ఉంది. కానీ వాడి వల్ల నన్నెవరూ ‘నీ కాలు చూపించు’ అనరు. దొంగ దివ్యాంగుల వల్లనే అంటారు. వాళ్లు తీసుకెళ్లేది మా సీటు ఒక్కటే కాదు, మా మాట మీద జనానికున్న నమ్మకం కూడా.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 91వ సెక్షన్ ప్రకారం, దివ్యాంగులకు ఉద్దేశించిన ప్రయోజనాన్ని మోసంతో పొందితే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ఓర్లాండోకు ఇది వర్తించదు, తెలుసు. మా బోగీలోనూ వర్తించినట్టు నేనెప్పుడూ చూడలేదనుకోండి.

పెన్షన్ మాస్టారు

నేనూ దొంగనే, ఒప్పుకుంటున్నాను. అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు నాకూ మా ఆవిడకూ శంషాబాద్ నుంచే వీల్‌చైర్లు పెట్టించాడు. మా ఇద్దరికీ మోకాళ్లు భేషుగ్గా ఉన్నాయి. లేనిది ఇంగ్లిష్. విమానం మారే చోట దారి తప్పుతామని వాడికి టెన్షన్. మన జిల్లా నుంచి వెళ్లే తల్లిదండ్రుల్లో చాలామంది ఇలాగే వెళ్తారు, మొహమాటపడకుండా ఒప్పుకోండి.

అక్కడ దిగాక నా కుర్చీ తోసిన ఆవిడకు నాకంటే వయసెక్కువే ఉంటుంది. పైకెక్కే చోట ఆయాసపడుతోంది. లేచి నడుద్దామంటే దొరికిపోతానని భయం. ఇమిగ్రేషన్ దగ్గర వందల మందిని దాటించి మమ్మల్ని ముందుకు తీసుకెళ్లింది. బయట అబ్బాయి కనిపించగానే మా ఆవిడ కుర్చీలోంచి లేచి గబగబా వెళ్లి మనవణ్ణి ఎత్తుకుంది. ఆ తోసినావిడ ముఖం చూడలేకపోయాను.

మాకు సాయం కావలసిన మాట నిజమే. కాళ్ల పేరు చెప్పి తీసుకోవడమే అబద్ధం.

గోరింట

నాది హన్మకొండే. మా బాబుకు తొమ్మిదేళ్లు, ఆటిజం. హంటర్‌రోడ్ తమ్ముడూ, మీ అక్కను నేనెరగను, కానీ ఎక్కడ లేచిపోయిందో చెప్పగలను. ‘కళ్లలోకి చూడకు’ దగ్గర. నాలుగేళ్లుగా థెరపీకి తిప్పుతున్నాం. పేరు పిలిస్తే ఒక్కసారి కళ్లెత్తి చూస్తే ఆ రోజు ఇంట్లో పండగ. మీవాడికి ఆట కోసం నేర్పింది, మా ఇళ్లలో ఏళ్ల తరబడి పోగొట్టాలని చూస్తున్నది.

హైదరాబాద్ దగ్గర ఒక పార్కుకు వెళ్లాం. పేరొద్దు. ఇనుప కడ్డీల మధ్య లైన్, నెత్తిమీద స్పీకర్. పది నిమిషాలకే వాడు చెవులు మూసుకున్నాడు, తర్వాత మణికట్టు కొరుక్కోవడం మొదలుపెట్టాడు. వాడి వైకల్యం కార్డు తీసి చూపిస్తే అక్కడి అబ్బాయి ‘వీల్‌చైర్ ఏదమ్మా?’ అన్నాడు. వెనకాయన ‘పిల్లగాడు మంచిగనే ఉన్నడు కదా, అందరూ ఇదే నేర్చుకున్నరు’ అన్నాడు. అది విన్నాక కార్డును ట్యాగుకు తగిలించి వాడి మెడలో వేశాను. వాడికి మెడకు ఏదీ తగలకూడదు. పీకి పారేశాడు. తిరిగి వచ్చేశాం.

ఆటిజం చూస్తే కనపడదు. 1995 చట్టంలోని ఏడు వైకల్యాల జాబితాలో అది లేదు, 2016 చట్టంలో 21 అయినప్పుడు చేరింది. సదరం క్యాంపుకు తిరిగి తిరిగి సర్టిఫికెట్ తెచ్చుకున్నాక కూడా దారిన పోయే ప్రతివాడికీ సంజాయిషీ చెప్పుకోవాలి.

డిస్నీ కథ నేను చాలా చదివాను, ఎప్పటికైనా వాణ్ణి తీసుకెళ్లాలని ఆశ. 2013కు ముందు అక్కడ ఒక కార్డు ఉండేది, దాంతో చాలా ఆటలకు దాదాపు నేరుగా వెళ్లిపోయేవాళ్లు. ఆ ఏడాది మేలో న్యూయార్క్ పోస్ట్ పత్రికలో ఒక కథనం వచ్చింది. డబ్బున్న తల్లులు గంటకు 130 డాలర్లిచ్చి వైకల్యం ఉన్న గైడ్‌ను కుటుంబ సభ్యురాలిలా వెంటబెట్టుకుని లైన్లు దాటుతున్నారని. అక్టోబర్‌లో ఆ కార్డు తీసేసి ఇప్పుడున్న పద్ధతి తెచ్చారు. లైన్ ఎంతసేపుంటే సుమారు అంతసేపు బయట ఆగి రావాలి. నిజంగా నిలబడలేని పిల్లలకు అదే వరం. 2024లో మళ్లీ బిగించారు, ఆటిజం లాంటి ఎదుగుదల లోపాలున్నవాళ్లకే అన్నారు. అబద్ధం చెప్పినట్టు తేలితే ఇక ఎప్పటికీ లోపలికి రానివ్వం అన్నారు. అంతకుముందు పాస్ వచ్చిన పేగు జబ్బులవాళ్లకూ, ఎక్కువసేపు నిలబడలేని ఎందరికో ఇప్పుడు కుదరదంటున్నారు. వాళ్లను బయటికి నెట్టాక మిగిలిన సందులోనే మీ అన్న అబద్ధమాడి దూరాడు.

మిర్చియార్డు

అక్కా, నీ బాధ అర్థమైంది. ఒక్క మాటకు ఒప్పుకోను. డిస్నీ ధర్మం కోసం బిగించిందా? అంతకుముందు ఊరికే ఇచ్చిన, పొడుగు లైన్ తప్పించే ఫాస్ట్‌పాస్ తీసేసి 2021 నుంచి పైసలకు అమ్ముతున్నది. వైకల్యం పాసులవాళ్లు వెళ్లేదీ ఆ దారిలోనే. వాళ్లు తగ్గితే టికెట్లు ఎక్కువ అమ్ముకోవచ్చు. దొంగలున్నరని చెప్పడం కంపెనీకి మంచి సాకు.

గోరింట

ఆ అనుమానం నాకూ ఉంది. కానీ ఆ సాకు దానికి ఇచ్చిందెవరు?

మిర్చియార్డు

...సరే.

కాజీపేట జంక్షన్

మిర్చియార్డు అన్న సరే అన్నాడు, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

నాదో ప్రశ్న. దొంగల్ని ఆపాలంటే కాగితం అడగాలి. మన దగ్గర అడుగుతారు, గోరింట అక్క బాబు మెడలో ట్యాగు వేయాల్సి వచ్చింది. వాళ్ల దగ్గర అడగరు, హంటర్‌రోడ్ వాళ్లన్న దూరిపోయాడు. ఏది మేలు? నాకైతే పదిమంది దొంగలు దూరినా ఒక పిల్లాణ్ణి నిలదీయని పద్ధతే నయం అనిపిస్తుంది. బోగీలో మూటలు చూసినప్పుడు మాత్రం ఈ మాట మీద నిలబడలేను.

పెన్షన్ మాస్టారు

తిరుమలలో దివ్యాంగులకు, 65 దాటినవాళ్లకు ప్రత్యేక దర్శనం ఉంది కదా. టికెట్ ముందే తీసుకుంటారు. కాగితం చూడడం కూడా అలా ముందే అయితే గేటు దగ్గర గొడవుండదు. అనుమానపడే పనేదో ఇంటి దగ్గరున్నప్పుడే అయిపోవాలి, జనం మధ్యలో కాదు.

హంటర్‌రోడ్ 506

అన్నీ చదివాను. రాత్రి అన్నకు ఫోన్ చేశాను. ‘ఇక్కడ అందరూ చేస్తారురా, నువ్వు దావత్‌లో ఎందుకు వాగావు’ అన్నాడు. బాధ అబద్ధానికి కాదు, బయటపడినందుకు. నాదీ అంతే కావచ్చు. అక్క గుర్తుండి ఉంటే చెప్పేవాణ్ణి కాదు, ఆ రోజు పాస్ మాత్రం వాడుకునేవాణ్ణే.

రేపు అక్క ఇంటికి వెళ్తున్నాను. ఏం మాట్లాడాలో తెలియట్లేదు.

గోరింట

ఎక్కువ మాట్లాడకండి. పిల్లాణ్ణి చూసి ‘పాపం’ అనకండి. ఏ టైంకు వస్తే బాబుకు ఇబ్బంది ఉండదో అక్కకు ముందే ఫోన్ చేసి కనుక్కోండి, చెప్పకుండా వెళ్తే వాడి రోజంతా తారుమారవుతుంది. కాలింగ్ బెల్ కొట్టకండి, తలుపు మీద మెల్లగా తట్టండి.