సేఫ్టీ స్విచ్ బైపాస్: లైన్ నడవాలా, ఆగాలా?

భీమవరం ఐటీఐ:
ఈ మధ్యే రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో మెయింటెనెన్స్ టెక్నీషియన్‌గా చేరానండి. రొయ్యల్ని సైజుల వారీగా వేరుచేసే గ్రేడర్ కన్వేయర్ గార్డు డోర్ వేసే ఉన్నా, డోర్‌కున్న మాగ్నెట్‌తో పనిచేసే సేఫ్టీ స్విచ్ ఊరికే ట్రిప్పయి లైన్ ఆగిపోతోంది. స్విచ్‌కి విడి మాగ్నెట్ ఒకటి టేపుతో అంటించి నడిపించెయ్యమంటున్నారు సీనియర్లు. పట్టుబడుల సీజన్, పైనుంచి ఒకటే టెన్షన్. అలా చేయొచ్చాండీ?

షిఫ్ట్ ఇన్‌ఛార్జి, ఆకివీడు:
చేయాలి తమ్ముడూ. బయట లారీలు బారులు తీరి ఉంటాయి. మాల్ మెత్తబడితే రేటు పడిపోతుంది, ఎగుమతికి పనికిరాదు. అన్నీ పుస్తకంలో ఉన్నట్టే చేస్తానంటే ఇక్కడ పని సాగదు. జాగ్రత్తగా ఉండమని బెల్టు దగ్గర పనిచేసే ఆడవాళ్లకు ఒక మాట చెప్తే చాలు.

పాలకొల్లు ఫిట్టర్:
అన్నా, మీ లారీల బాధ నిజమే. కానీ ఆ డోర్ వెనక ఏముందో చూడండి. బెల్టు రోలర్ మీదకు ఎక్కే చోట వేలెడంత సందు. ఇరుక్కున్న రొయ్యను తీద్దామని చెయ్యి పెడితే ముందు గ్లవ్ కొసను పట్టుకుంటుంది. తడి గ్లవ్ ఊడిరాదు, దాని వెంట చెయ్యీ పోతుంది. స్విచ్ సరిగ్గా ఉంటే డోర్ తీయగానే మోటార్ ఆగుతుంది. మాగ్నెట్ అంటిస్తే డోర్ తీసినా మూసినట్టే లెక్క. జాగ్రత్త చెప్పినంత మాత్రాన మోటార్ ఆగదు కదా. యంత్రం తిరుగుతున్నంతసేపూ గార్డు దాని చోట ఉండి తీరాలని ఎప్పుడో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్‌లోనే రాశారు. ఇదేం కొత్త పట్టింపు కాదు.

తమ్ముడూ, అసలు స్విచ్ ఎందుకు ట్రిప్పవుతోందో చూడు. మన ప్లాంట్లలో రోజూ క్లోరిన్ నీళ్లతో ప్రెషర్ వాష్ చేస్తారు. స్విచ్‌లోకి తీగ వెళ్లే చోట బిగించే కేబుల్ గ్లాండ్ పైకి తిరిగి ఉంటే నీళ్లు తీగ వెంబడి లోపలికి దిగి పిన్నులకు చిలుం పడుతుంది. డోర్ బందులు వదులై మాగ్నెట్ కాస్త పక్కకు జరిగినా అంతే, మోటార్ అదురుకి సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది. మెయిన్ ఆపి, తాళం వేసి, తాళంచెవి నీ జేబులో పెట్టుకుని ముందు ఇవి చూడు. మోటార్‌ని నడిపే డ్రైవ్ ప్యానెల్ తెరవాల్సి వస్తే కరెంటు తీసిన వెంటనే చెయ్యి పెట్టకు, కెపాసిటర్లలో ఛార్జి కొన్ని నిమిషాలు ఉంటుంది. కొత్తది తెప్పించేటప్పుడు ప్రెషర్ వాష్‌కి కూడా నీళ్లు లోపలికి దిగని ఐపీ69కే రేటింగు ఉన్న కోడెడ్ స్విచ్ అడుగు. దాని జోడీకి తప్ప మామూలు మాగ్నెట్‌కి అది పలకదు.

గ్రేడింగ్ సెక్షన్, నరసాపురం:
ఆ బెల్టు పక్కన నిలబడేది మేమండి. డోర్ తీస్తే ఆగుతుందన్న నమ్మకంతోనే చెయ్యి పెడతాం. స్విచ్ బైపాస్ చేశారని మాకెవరూ చెప్పరు.

షిఫ్ట్ ఇన్‌ఛార్జి, ఆకివీడు:
సరేనమ్మా. కానీ కొత్త స్విచ్ వచ్చేసరికి వారం పడుతుంది. అప్పటిదాకా మాల్ ఏం చేయమంటారు?

పాలకొల్లు ఫిట్టర్:
ఐస్ పట్టించి చిల్ రూమ్‌లో పెట్టండి, రెండో లైన్ మీద తిప్పండి, చాలకపోతే టేబుళ్ల మీద చేత్తో గ్రేడింగ్ చేయించండి. ఆలస్యమవుతుంది, కాదనను. స్టోర్‌లో రెండు స్పేర్ స్విచ్‌లు ఉంటే ఈ వారం ఆగాల్సిన పనే లేదు. స్పేర్లు తెప్పించే ఇండెంట్ మీద సంతకం పెట్టాల్సింది మీరే కదా అన్నా, ఈరోజే పెట్టండి.