స్నోమొబైల్ బరువు, బ్యాలెన్సు: 58 కిలోల మనిషికి ఏ బండి నప్పుతాది?

పర్లాకిమిడి కుర్రోడు:
అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. పని మీద కెనడాలో, బ్రిటిష్ కొలంబియాలో రెవెల్‌స్టోక్ దగ్గర ఉంటన్నాను, ఇప్పుడు సెలవకి ఇంటికొచ్చాను, నవంబర్లో మళ్లీ ఎల్లిపోవాలి. అక్కడ చలికాలం వస్తే అందరూ స్నోమొబైల్ (ముందు రెండు స్కీలు, వెనక చక్రాల బదులు తిరిగే రబ్బరు ట్రాకు ఉండే మంచు బండి) ఏసుకుని కొండెక్కిపోతారు, పోయినేడు ఫ్రెండుది రెండుసార్లు నడిపాను, ఇంక ఆగలేను, ఈసారి సెకండ్ హ్యాండ్‌లో ఒకటి కొనేద్దామని. రెండు బళ్లు చూసి పెట్టాను, రేటు దగ్గర దగ్గర ఒకటే. ఒకటి స్కీడూ సమ్మిట్ 850, టూ స్ట్రోకు, ట్రాకు 154 అంగుళాలు. రెండోది యమహా సైడ్‌వైండర్ కొండల మోడల్, ఫోర్ స్ట్రోకు, 998 సీసీ, మూడు సిలిండర్లు, టర్బో. మొదటిది కాయితం మీద 200 కిలోలకి అటూఇటూ, రెండోది దానికన్నా 50 కిలోల పైనే ఎక్కువ అంటన్నారు. నా బరువు 58. ఇంటి దగ్గర నాన్న బుల్లెట్, రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 నడిపాను, అది 195 కిలోలు, మహేంద్రగిరి ఘాట్లో కూడా నాకు ఎప్పుడూ బరువనిపించలేదు. మరి ఫ్రెండు సమ్మిట్టు దాదాపు అంతే బరువు కదా, మెత్తటి మంచులో వాలు మీద అడ్డంగా తిప్పబోతే చేతులు పడిపోయాయి, రెండుసార్లు కూరుకుపోయాను. కిలోలు ఒకటే అయినప్పుడు ఎందుకంత తేడా? 50 కిలోలు ఎక్కువున్న బండి నాలాంటోడికి పనికొస్తాదా? తెలిసినోళ్లు చెప్పండి, డబ్బులు పెట్టేముందు అర్థం చేసుకోవాలనుంది.

మాజీ జవాన్, కాశీనగర్:
తమ్ముడూ, మేము ఫౌజ్‌లో దాన్ని స్నో స్కూటర్ అనేవాళ్లం. ఎత్తు కొండల మీద ఆర్మీ పోస్టుల్లో రెండు సీజన్లు నడిపాను, వెనకాల స్లెడ్జి కట్టి కిరోసిన్ జెరీక్యాన్లు, రేషను లాగేవాళ్లం. నువ్వు బుల్లెట్‌తో పోల్చావు చూడు, అక్కడే తప్పు జరిగింది. బుల్లెట్ కింద రోడ్డు గట్టిగా ఉంటాది, బరువంతా చక్రాలు మోస్తాయి, నువ్వు కొంచెం ఒంగితే చాలు. మంచులో అలా కాదు, బండి మునుగుతాది, మునిగినప్పుడల్లా దాని బరువు నువ్వే మోస్తన్నట్టు ఉంటాది. అక్కడ కూరుకుపోయిందంటే ఇద్దరం కాళ్లతో ముందు మంచు తొక్కి గట్టిపరచేవాళ్లం, తర్వాత బండిని పక్కకి పడుకోబెట్టి ట్రాకు కింద గొయ్యిలో మంచు నింపి, స్కీలు పట్టుకుని మూతి పల్లంవైపు తిప్పి అప్పుడు స్టార్ట్ చేసేవాళ్లం. ఆ ఎత్తులో ఆ పని ఒక్కసారి చేస్తే పది నిమిషాలు ఊపిరి అందదు. అందుకే నా మాట ఒకటే, ఒంటరిగా పక్కకి దొర్లించగలిగిన బండే నీ బండి. దొర్లించలేనిది ఎంత పవరున్నా వద్దు.

బరంపురం టు ఎడ్మంటన్:
పెద్దాయన కరెక్ట్‌గా చెప్పారు. నేను తొమ్మిదేళ్లుగా ఇక్కడ స్లెడ్డు (స్నోమొబైల్‌నే ఇక్కడ అలా అంటారు) నడుపుతున్నా కాబట్టి కొంచెం లోపలికి వెళ్లి చెప్తాను, పెద్దగా అయిపోతే ఏమనుకోకండి.

ముందు ఆ కాయితం మీద అంకె సంగతి. కంపెనీ వాళ్లు రాసేది డ్రై వెయిట్, అంటే పెట్రోలు, ఆయిలు, కూలెంటు ఏదీ పోయకుండా తూచింది. ఈ తరం సమ్మిట్ ట్యాంకు 36 లీటర్లు, లీటరు పెట్రోలు ముప్పావు కిలోకి కొంచెం తక్కువ అనుకున్నా 26, 27 కిలోలు అక్కడే పెరిగిపోయాయి. పైన టూల్స్, బెల్టు, బ్యాగు, టన్నెల్ (ట్రాకుని పైనుంచి కప్పే రేకు) మీద ఫుట్‌బోర్డుల మీద పేరుకుపోయే మంచు. నువ్వు వాలు మీద తిప్పేది 200 కిలోల బండిని కాదు తమ్ముడూ, 240 దాటిన దాన్ని. నీ బుల్లెట్ 195 మాత్రం పెట్రోలుతో కలిపి చెప్పేది, అందుకే ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టకూడదు.

రెండోది, ఆ బరువు ఎక్కడ కూర్చుంది అన్నది. దీనికి అసలు కథ 2003 లో మొదలైంది, స్కీడూ వాళ్లు రెవ్ అని కొత్త ఛాసిస్ తెచ్చి మనిషిని ముందుకి, ఇంజన్ దగ్గరికి జరిపేశారు. అంతకు ముందు వెనక్కి జారగిలబడి కూర్చునేవాళ్లు, బండి బరువు ఒకచోట, మనిషి బరువు ఒకచోట. రెండూ దగ్గరకొచ్చేసరికి బండి మనిషి మాట వినడం మొదలెట్టింది, తర్వాత మిగతా కంపెనీలు కూడా ఆ దారే పట్టాయి. పొలారిస్ వాళ్లు 2013 లో కొండల బండికి ట్రాకుని తిప్పే చైన్ కేసు (ఆయిల్లో తిరిగే చైను పెట్టె) తీసేసి బెల్టు డ్రైవు పెట్టారు, తగ్గింది కొన్ని కిలోలే గానీ అవి తిరిగే కిలోలు, అందుకని రేజ్ చేసినప్పుడు తేడా బాగా తెలుస్తుంది. ఆర్కిటిక్ క్యాట్ 2019 మోడల్‌కి ఆల్ఫా వన్ అని వెనక సస్పెన్షన్లో ట్రాకు లోపల ఉండే రెండు పట్టాల బదులు ఒకటే పట్టా పెట్టింది. బరువు తగ్గిందన్న మాట అలా ఉంచితే, బండి పక్కకి ఎంత తేలిగ్గా ఒరుగుతుందో నడిపినవాళ్లకే తెలుసు. సమ్మిట్‌లో టీమోషన్ అనే వెనక సస్పెన్షన్ పని కూడా అదే, ట్రాకు కొంచెం మెలి తిరిగి ఒరగడానికి సాయం చేస్తుంది.

ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. బరువు ఎంత కిందకుంటే అంత మంచిదనుకుంటారు. ట్రయిల్ మీద, అంటే చదును చేసిన బాట మీద, అది నిజం, అందుకే ట్రయిల్ బళ్లకి స్కీల మధ్య దూరం 42, 43 అంగుళాలు ఉంటుంది, మలుపులో లేవకూడదు. కొండ మీద మనకి కావాల్సింది తిరగేసి. వాలుకి అడ్డంగా పోవాలంటే బండిని ఎగువ వైపు స్కీ మీద, ట్రాకు అంచు మీద ఒరగబెట్టి పట్టుకోవాలి, మనం ఎగువ ఫుట్‌బోర్డు మీద నిలబడాలి, హ్యాండిల్ దిగువకి తిప్పాలి. అది ఒరగాలంటే స్కీలు దగ్గరగా ఉండాలి, కొండల బళ్లకి 36 అంగుళాల చుట్టూ పెట్టేది అందుకే. మూతి బరువైన ఫోర్ స్ట్రోకు బండిలో ముందు భాగం మంచులో దిగిపోతుంది, ఒరగబెట్టడానికి నీ 58 కిలోలు చాలవు, చేతులతో లాగుతావు, పడిపోయేది అందుకే.

టర్బోకి న్యాయం చెయ్యాలి కదా, అది కూడా చెప్తాను. టర్బో లేని ఇంజన్ ప్రతి 300 మీటర్ల ఎత్తుకి సుమారు 3 శాతం పవరు పోగొట్టుకుంటుంది, రెవెల్‌స్టోక్‌లో బౌల్డర్ మౌంటెన్, ఫ్రిస్బీ రిడ్జ్ మీద 2000 మీటర్ల దగ్గర ఐదో వంతు పోయినట్టే. టర్బో దాన్ని నిలబెడుతుంది. కానీ 2020 మోడల్ నుంచి స్కీడూ టూ స్ట్రోకుకే ఫ్యాక్టరీ టర్బో ఇచ్చేసింది, కాబట్టి పవరు కోసం బరువు మొయ్యక్కర్లేదు, రేపు డబ్బులొస్తే అది చూసుకో. ఇంకోటి, యమహా 2023 లోనే 2025 మోడళ్లతో స్నోమొబైళ్లు ఆపేస్తామని చెప్పేసింది. పార్టులు రావని కాదు, అమ్ముకునేటప్పుడు రేటు గురించి ఆలోచించు. నా ఓటు సమ్మిట్‌కి. ట్రయిల్ మీద రోజుకి 200 కిలోమీటర్లు కొట్టేవాడివైతే సైడ్‌వైండర్ అనేవాణ్ణి, ఆ పనికి అది చాలా గొప్ప బండి.

గుణుపూర్ రైస్ మిల్లు:
నేను ఆ బండి చూడలేదు గానీ తూకం నా పని కాబట్టి చెప్తన్నాను. మా ఊర్లో జీడిపిక్కల బస్తా 80 కిలోలది బండి వెనకాల కట్టుకుని ఘాటెక్కుతారు, ముందు చక్రం తేలిపోద్ది, అదే బస్తా ట్యాంకుకి దగ్గరగా జరిపి కడితే అదే మనిషి అదే బండి చక్కగా పోతాడు. బాబూ, నువ్వు సెలవులోనే ఉన్నావు కదా, మీ ఊర్లో ఏ మిల్లుకైనా ఎళ్లి బస్తాలు తూచే ప్లాట్‌ఫారం కాటా మీద మీ నాన్నగారి బండి ఒక్కో చక్రం ఎక్కించి తూయించు. రెండో చక్రం కింద కాటా ఎత్తుకి సరిపడా చెక్క పెట్టాలి, లేకపోతే లెక్క తప్పుతాది. తర్వాత నువ్వు ఎక్కి నిలబడి ముందుకీ వెనక్కీ జరుగు, అంకె చూడు. నీకే తెలిసిపోద్ది. స్నోమొబైల్‌కి కూడా అంతే, స్కీల కింద ఒకసారి, ట్రాకు కింద ఒకసారి.

పర్లాకిమిడి కుర్రోడు:
గుణుపూర్ అన్నయ్యా, మీరు చెప్పింది నిన్న సాయంత్రం చేశాం, నాన్న, నేను, మిల్లు గుమస్తా. సగం ట్యాంకుతో ముందు చక్రం 89, వెనక 105, మొత్తం 194. రెండు ఇరుసుల మధ్య 139 సెంటీమీటర్లు, లెక్కేస్తే బరువు మధ్యన ఉండే చోటు ముందు ఇరుసు నుంచి 75 సెంటీమీటర్ల దగ్గర తేలింది, అంటే సరిగ్గా మోకాళ్ల మధ్యన, నా కాళ్లు పెట్టుకునే చోటుకి దగ్గరగా. తర్వాత ఎక్కి నిలబడి పావు మీటరు ఎనక్కి జరిగితే వెనక చక్రం కింద 10 కిలోలు పెరిగింది, నాన్న స్టాండు పట్టుకుని నవ్వుతున్నాడు. అంటే నేను మొత్తం ఒళ్లు వంచితే అటూఇటూ చెయ్యగలిగేది ఆ పదో పన్నెండో కిలోలే. ఆ 50 కిలోలు మూతి మీద ఎక్కువుంటే నేను ఎంత ఎనక్కి జరిగినా నాలుగో వంతు కూడా తీర్చలేను. నాకు ఇప్పుడు బుర్రకెక్కింది. సమ్మిట్ అమ్మే అతనికి మెసేజ్ పెట్టాను, ఎళ్లగానే ట్యాంకు నింపి పెట్టమని, నేనొక్కణ్ణే పక్కకి దొర్లించి చూసుకుంటానని. ఎడ్మంటన్ అన్నయ్యా, స్కీల మధ్య దూరం సర్దుకోవడానికి వీలుంటే ముందే దగ్గరకి పెట్టేయాలా?

బరంపురం టు ఎడ్మంటన్:
పెట్టెయ్యి. మొదటి వారం కొంచెం తూలినట్టు ఉంటుంది, బాట మీద మెల్లగా పో.

మాజీ జవాన్, కాశీనగర్:
బండి డబ్బులు ఇచ్చేముందు బీకను (మంచు కింద కప్పడిపోయినోడి జాడ తెలిపే సిగ్నల్ పెట్టె), పార, ప్రోబు కర్ర (మంచులో గుచ్చి మనిషిని ఎతికేది) కొను తమ్ముడూ. మంచు చరియలు ఇరిగిపడే ప్రమాదం గురించి చెప్పే అవలాంచ్ కెనడా వాళ్ల ఆఫీసు మీ రెవెల్‌స్టోక్‌లోనే ఉంది, కొండెక్కే ప్రతి పొద్దున్నా వాళ్లు పెట్టే బులెటిన్ చూసుకుని కదులు. ఒక్కడివే ఎప్పుడూ ఎళ్లకు.