పాత ట్రక్కు 350 ఇంజన్: టైమింగ్ మార్క్‌ని నమ్మొచ్చా?
షెవ్రొలే 350 వీ8 ఇంజన్ ఉన్న పాత పికప్ ట్రక్కు నాది. డిస్ట్రిబ్యూటర్‌లో కొత్త పాయింట్లు (స్పార్క్‌ని పుట్టించే స్విచ్) వేశాక ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) సెట్ చేద్దామంటే మార్క్ దగ్గరే పని ఆగిపోయింది. క్రాంక్ పుల్లీ వెనకున్న బ్యాలెన్సర్‌ని (క్రాంక్ అదురు తగ్గించే చక్రం, దాని బయటి రింగ్ రబ్బరుతో అతికి ఉంటుంది) వైర్ బ్రష్‌తో రుద్దితే గీత బయటపడింది, దానికి సుద్ద పూశాను. ఒకటో సిలిండర్ ప్లగ్ వైరుకి టైమింగ్ లైట్ (స్పార్క్ పడినప్పుడల్లా వెలిగే దీపం) తగిలించి, డిస్ట్రిబ్యూటర్ వాక్యూమ్ గొట్టం తీసి మూసేసి, ఐడిల్‌లో చూశాను. గీత ఇంజన్ ముందు కవర్ దగ్గరుండే డిగ్రీల పలకకి ఎక్కడో దూరంగా కనిపిస్తోంది. ఇంజన్ మాత్రం వెంటనే స్టార్ట్ అవుతోంది, లోడ్ మీద నాకింగ్ కూడా లేదు. అందుకే నా అనుమానమంతా మార్క్ మీదే.

బ్యాలెన్సర్‌లో రబ్బరు పాతబడితే బయటి రింగ్ జారిపోతుంది. పైగా ఈ ఇంజన్లలో పలక ఉండే చోటు మోడల్‌ని బట్టి మారింది, ఎవరైనా వేరే మోడల్ ముందు కవర్ బిగించి ఉండొచ్చు. ఈ రెండింటిలో ఏదో ఎలా తేల్చాలి?

బ్యాటరీ వైరు తీసి, ఒకటో ప్లగ్ రంధ్రంలో పిస్టన్ స్టాప్ (పిస్టన్‌ని పైకి పూర్తిగా రాకుండా ఆపే కడ్డీ) పెట్టి, క్రాంక్‌ని చేత్తో రెండు వైపులా మెల్లగా తిప్పి, ఆగిన రెండు గుర్తులకి సరిగ్గా మధ్యన టీడీసీ (పిస్టన్ అన్నిటికంటే పైకి చేరే స్థానం) గీత కొడదామనుకుంటున్నాను. రింగ్ జారిందని తేలితే ఆ కొత్త గీతతో నడపడం క్షేమమేనా, లేక బ్యాలెన్సర్ మార్చాల్సిందేనా? ఈ పని స్వయంగా చేసినవాళ్లు దయచేసి చెప్పండి.