డెబియన్ 12: ఐటీ87 డ్రైవర్ లోడ్ కావడం లేదు, ఫ్యాన్ల వేగం కనబడటం లేదు

ప్రశ్న

అందరికీ నమస్కారం. నా డెస్క్‌టాప్‌లో రైజెన్ ప్రాసెసర్, డెబియన్ 12 (లినక్స్) ఉన్నాయి. ఉష్ణోగ్రతలు, ఫ్యాన్ల వేగం చూపే సెన్సార్స్ కమాండ్ ఇస్తే ప్రాసెసర్, ఎన్‌వీఎంఈ డిస్క్ ఉష్ణోగ్రతలు కనబడుతున్నాయి గానీ ఫ్యాన్ల వేగం, మదర్‌బోర్డు వోల్టేజీలు ఎక్కడా లేవు. సెన్సార్ చిప్‌లను వెతికే సెన్సార్స్-డిటెక్ట్ నడిపితే ఐటీ8628ఈ చిప్ దొరికిందని, దానికి ఐటీ87 డ్రైవర్ వాడాలని చెప్పింది. ఆ మాడ్యూల్‌ను (డ్రైవర్‌ను) మోడ్‌ప్రోబ్ కమాండ్‌తో ఎక్కించబోతే "డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ" అని ఆగిపోతోంది. బూట్ లైన్‌లో ఏసీపీఐ_ఎన్‌ఫోర్స్_రిసోర్సెస్=ల్యాక్స్ అని చేర్చమని చాలాచోట్ల చదివాను. అలా చేర్చవచ్చా?

సమాధానం 1

చేర్చే ముందు డీమెసేజ్ (dmesg) కమాండ్‌తో కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) లాగ్ చూడండి. ఫలానా పోర్టుల పరిధి ఏసీపీఐ (విద్యుత్, హార్డ్‌వేర్ నిర్వహణకు ఫర్మ్‌వేర్ వాడే వ్యవస్థ) తనదిగా ప్రకటించుకున్న ఆప్‌రీజియన్‌తో ఢీకొంటోందన్న హెచ్చరిక అందులో ఉంటే, డ్రైవర్ లేకపోవడం కాదు, ఉన్న డ్రైవర్‌ను కెర్నెల్ కావాలనే ఆపుతోందని అర్థం. అలా ఆపడానికి బలమైన కారణమే ఉంది. ఈ చిప్‌లో ఏ రిజిస్టర్ కావాలో దాని సంఖ్యను ముందు ఒక పోర్టులో రాసి, తర్వాత పక్క పోర్టు నుంచి విలువను చదవాలి. ఈ రెండు పనుల నడుమ మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోని ఏసీపీఐ కోడ్ కూడా అదే పోర్టులో వేరే సంఖ్య రాసిందంటే, డ్రైవర్ ఉష్ణోగ్రత అనుకుని మరేదో చదువుతుంది. రాసే సందర్భమైతే ఫ్యాన్ వేగానికి సంబంధించిన విలువ వేరే రిజిస్టర్‌లో పడే ప్రమాదం ఉంది. అందుకే కెర్నెల్ 2.6.31 నుంచి ఈ కట్టుబాటు డిఫాల్ట్‌గా అమలవుతోంది.

మీరు చెప్పిన ల్యాక్స్ పరామితి ఒక్క ఐటీ87కే కాక, ఏసీపీఐతో పోర్టులు పంచుకునే డ్రైవర్లన్నిటికీ తలుపు తెరుస్తుంది. అంత అవసరం లేకపోవచ్చు. ఐటీ87కు ఇగ్నోర్_రిసోర్స్_కాన్‌ఫ్లిక్ట్ అనే సొంత పరామితి కొత్త కెర్నెల్‌లలో ఉంది. ముందుగా మోడ్‌ప్రోబ్ కమాండ్‌లోనే దాని విలువ 1 అని ఇచ్చి చూడండి. రీబూట్ చేస్తే పోతుంది కాబట్టి, ఏదైనా తేడా వచ్చినా వెనక్కి రావడం తేలిక. కొంతకాలం అంకెలు నిలకడగా ఉన్నాకనే మోడ్‌ప్రోబ్.డీ డైరెక్టరీలో శాశ్వతంగా రాయండి.

సమాధానం 2

పై మిత్రుల సలహాతో ఏకీభవిస్తూనే ఒక్క మాట చేరుస్తాను. లోడ్ అయ్యాక కూడా ఈ మదర్‌బోర్డులో చదవడం వరకే పరిమితం కండి. ఫ్యాన్ల వేగాన్ని మార్చే ఫ్యాన్‌కంట్రోల్ నడిపితే డ్రైవర్ నిరంతరం రాస్తూ ఉంటుంది కనుక ఫర్మ్‌వేర్‌తో ఘర్షణ ప్రమాదం అక్కడ ఇంకా పెరుగుతుంది. వేగాన్ని మార్చుకోవాలంటే బయోస్‌లోని ఫ్యాన్ సెట్టింగులే క్షేమం.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. లాగ్‌లో ఆ హెచ్చరిక ఉంది. పరామితి ఇవ్వగానే మాడ్యూల్ లోడ్ అయింది. రెండు ఫ్యాన్ల వేగం బయోస్ చూపే అంకెలకు దగ్గరగా ఉంది. అయితే మూడో ఫ్యాన్ 0 అని, ఒక ఉష్ణోగ్రత మైనస్ 55 అని చూపుతున్నాయి. చిప్ పాడైందేమోనని ఆందోళనగా ఉంది.

సమాధానం 1

ఆందోళన అక్కరలేదు. ఆ చిప్‌కున్న ఇన్‌పుట్‌లన్నిటినీ మదర్‌బోర్డు తయారీదారులు వాడరు. ఏమీ కలపని ఇన్‌పుట్ దగ్గర మైనస్ 55, 127 వంటి అర్థంలేని విలువలు వస్తాయి. మూడో హెడర్‌కు (మదర్‌బోర్డుపై ఫ్యాన్ తగిలించే పిన్నులకు) ఫ్యాన్ తగిలించకపోతే 0 రావడం సహజమే; తగిలించి ఉంటే మాత్రం మూత తీసి అది తిరుగుతోందో లేదో తప్పక చూడండి. ఖాళీ ఇన్‌పుట్‌లను ఈటీసీలోని సెన్సార్స్.డీ డైరెక్టరీలో ఒక ఫైల్ పెట్టి, చిప్ పేరు కింద ఇగ్నోర్ అని, పక్కనే ఆ ఇన్‌పుట్ పేరు రాస్తే అవి ఇక కనబడవు. మీరు సొంతంగా స్క్రిప్ట్ రాసుకుంటే సెన్సార్ల విలువలుండే డైరెక్టరీల పేర్లలోని హెచ్‌డబ్ల్యూమాన్2 వంటి సంఖ్యపై ఆధారపడకండి. డ్రైవర్లు లోడ్ అయ్యే వరుసను బట్టి ఆ సంఖ్య బూట్ బూట్‌కూ మారవచ్చు. ఒక్కో డైరెక్టరీలోని నేమ్ ఫైల్‌ను చదివి చిప్‌ను గుర్తించండి. అక్కడ ఉష్ణోగ్రత మిల్లీడిగ్రీలలో ఉంటుంది కనుక 45000 అంటే 45 డిగ్రీలు.