పగలంతా కునుకే... నిద్ర చాలకా, తిండి చాలకా?

పాలకొల్లు టైలరు – జనవరి 19

నమస్తే అండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాకు 39 ఏళ్లు. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. మా ఆయన రెండెకరాల్లో రొయ్యల చెరువు చేస్తారు. పాప ఇంటర్ రెండో సంవత్సరం.

ఏడాదిన్నరగా నాకు పగలంతా ఒకటే నీరసం. పొద్దున్న లేచేసరికే రాత్రంతా బస్తాలు మోసినట్టుంటుంది ఒళ్లు. పదకొండు అయ్యేసరికి మిషను మీదే తూగుతున్నాను. మొన్న సంక్రాంతి ముందు చేతినిండా పని. ఒక్క క్షణం కళ్లు మూతపడ్డాయి, కాలు మాత్రం తొక్కుతూనే ఉంది. సూది చూపుడువేలి గోరులోంచి కిందకి దిగిపోయింది. చక్రాన్ని చేత్తో మెల్లగా వెనక్కి తిప్పుకుని వేలు బయటికి తీసుకున్నాను. లేత పసుపు జాకెట్టు మీద రక్తం పడితే కొత్త గుడ్డ నేనే కొనిచ్చాను. గుడ్డ పోతే పోయింది, అదే గ్యాస్ పొయ్యి దగ్గరైతే ఏమిటని అప్పటినుంచి టెన్షన్.

నా రోజు ఎలా గడుస్తుందో చెబుతాను. నాలుగున్నరకి లేస్తాను. ముందు టీ. పాప కాలేజీ బస్సు ఆరూ నలభైకి. అందరివీ అయ్యాక పదింటికి నేను తింటాను, ఏది మిగిలితే అది. మధ్యాహ్నం అన్నం తిన్న వెంటనే టీ పడాల్సిందే. మొత్తం మీద రోజుకి అయిదు టీలు. నిద్ర రాకుండా మిషను పక్కన గిన్నెలో బియ్యం పెట్టుకుని నములుతుంటాను. అది అలవాటైపోయి ఇప్పుడు అరసోలెడు అయిపోతున్నాయి. రాత్రి పదిన్నరకి పడుకుంటే కాళ్లు లాగేస్తాయి. పిక్కల్లో ఏదో పాకుతున్నట్టు ఉంటుంది, లేచి నాలుగడుగులు వేస్తే తగ్గుతుంది. మా ఆయన చెరువు మీదే పడుకుంటారు. కరెంటు పోతే ఆయన లేచి జనరేటరు వేశారో లేదోనని నేనే ఫోన్ చేసి లేపుతాను. ఆయనా అంతే, పగలు కూర్చున్నచోటే గురక పెట్టి నిద్రపోతారు. నెలసరి ఆరేడు రోజులుంటుంది, మొదటి మూడు రోజులు చాలా ఎక్కువ. ఈ వయసుకి అంతేలే అన్నారు మా అత్తగారు.

ఊళ్లో చూపిస్తే రెండుసార్లు సెలైన్ ఎక్కించి, బలానికని ఇంజక్షన్ చేశారు. ఆ రోజు హుషారుగానే ఉంది. మర్నాటికి మళ్లీ మామూలే. మా అమ్మకి షుగరుంది. నాకూ అదేనా? థైరాయిడా? లేక నిద్ర చాలక ఇలా అవుతోందా? ఏ పరీక్షలు చేయించుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి.

తణుకు కుర్రాడు – జనవరి 19

అక్కా, మా పిన్నికి అచ్చం ఇలాగే ఉండేది. బి12 విటమిన్ తక్కువని తేలింది. ఇంజక్షన్లు చేయించుకున్నాక లేచి తిరుగుతోంది. మీరూ ఒక కోర్సు వేయించేసుకోండి, నష్టమేమీ ఉండదు.

రిటైర్డ్ నర్సు, రాజోలు – జనవరి 20

తల్లీ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. అసలు సంగతి ప్రశ్నలో కాదు, మధ్యలో మామూలుగా చెప్పేసిన మాటలో ఉంది. అరసోలెడు బియ్యం. అది నిద్ర ఆపుకునే అలవాటు కాకపోవచ్చు. ఒంట్లో ఐరన్ అడుగంటినప్పుడు ఇలా పచ్చి బియ్యం, బలపాలు, మట్టి తినాలనిపిస్తుంది. కోనసీమలో ఇరవై ఎనిమిదేళ్లు ఊరూరా తిరిగాను. కొబ్బరిపీచు పనికి వెళ్లే ఒకామె చీర కొంగులో ఇటుక పెళ్ల ముడేసుకుని తిరిగేది. తడిపి వాసన చూసేది, ఎవరూ చూడకుండా కొరికేది. సిగ్గుపడి ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పలేదు. రక్తం పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 5 దగ్గరుంది. నువ్వు సిగ్గుపడకుండా రాశావు, చాలా మంచి పని చేశావు.

రెండోది ఆ కాళ్లు లాగడం. కదిలిస్తే తగ్గి, పడుకుంటే మళ్లీ మొదలయ్యే ఆ పాకుడు ఐరన్ తక్కువైనవాళ్లలో ఎక్కువగా చూస్తాం. నిద్ర చాలక నీరసమా అని అడిగావు కదా. నీ నిద్ర చెడగొడుతున్నదే ఐరన్ లోపం కావచ్చు. మూడోది నెలసరి. ఈ వయసుకి అంతేలే అనే మాట నమ్మకు. నెలనెలా అంత పోతుంటే తిండితో పూడదు. ఎందుకు పోతోందో ఆడవాళ్ల డాక్టరు చేత స్కానింగ్ చేయించి చూసుకోవాలి.

వెలుతురులో అద్దం ముందు నిలబడి కింది రెప్ప లాగి చూసుకో. లోపల ఎర్రగా ఉండాలి. అరటిదూటలా తెల్లగా కనిపిస్తే ఆలస్యం చేయకు. అలాగని రెప్ప బాగానే ఉందని పరీక్ష మానేయనూ వద్దు. రక్తంలో సీబీపీ (రక్తకణాల లెక్క), ఫెర్రిటిన్, బి12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు) చేయించుకో. ఆడవాళ్లకి హిమోగ్లోబిన్ 12 ఉండాలి. ఫెర్రిటిన్ అంటే ఒంట్లో దాచుకున్న ఐరన్, గాదెలో ధాన్యం లాంటిది. గాదె ఖాళీ అయ్యాక గానీ హిమోగ్లోబిన్ పడిపోదు. అందుకే హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి పర్వాలేదనుకోకూడదు. జ్వరం ఉన్నప్పుడు మాత్రం చేయించకు, ఫెర్రిటిన్ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది.

తణుకు బాబూ, నువ్వు మంచి మనసుతోనే చెప్పావు. కానీ పరీక్షకి ముందే ఇంజక్షన్ పొడిస్తే బి12 అంకె పెరిగిపోయి, అసలు లోపం ఉండేదో లేదో తెలియకుండా పోతుంది. శాకాహారులకీ, ఏళ్ల తరబడి షుగరుకిచ్చే మెట్‌ఫార్మిన్ గానీ గ్యాస్ మాత్రలు గానీ వాడేవాళ్లకీ బి12 తగ్గుతుంది, నిజమే. ముందు రక్తం ఇచ్చి, తర్వాత ఏది తక్కువైతే అది.

సెలైన్ గురించి కూడా చెప్పాలి. గ్లూకోజు కలిసిన అరలీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు, మిగతాది ఉప్పునీళ్లు. అంటే అయిదారు చెంచాల పంచదార నీళ్లు తాగినట్టే. రక్తం తక్కువైనవాళ్లకి దానివల్ల ఒరిగేదేమీ లేదు. నీరసం అనగానే సీసా తగిలించే పద్ధతి చూస్తే నాకు ఇప్పటికీ బాధేస్తుంది, ఎందుకంటే ఆ ఒక్కరోజు హుషారు వల్ల అసలు జబ్బు ఇంకో ఆరు నెలలు దాగిపోతుంది.

ఇక తిండి. అన్నం తిన్న వెంటనే టీ మానెయ్. టీలో ఉండేవి తిండిలోని ఐరన్‌ని పట్టేసి ఒంటికి అందనివ్వవు. భోజనానికీ టీకీ మధ్య గంటన్నా ఎడం ఉండాలి. ఆకుకూర, పప్పు తినేటప్పుడు నిమ్మకాయ పిండుకో, లేదా జామకాయ ముక్కలు తిను. దానిమ్మ, బీట్‌రూట్ ఎర్రగా ఉన్నాయని రక్తం పడుతుందనుకుంటారు గానీ వాటిలో ఐరన్ తక్కువే. తినే అలవాటుంటే వేట మాంసం, కార్జం మేలు, వాటిలోది ఒంటికి త్వరగా పడుతుంది. రేషన్ బియ్యంలో కాస్త తెల్లగా, నీళ్లలో తేలే గింజల్ని ప్లాస్టిక్ బియ్యం అని ఏరి పారేస్తున్నారు మన ఊళ్లలో. అవి ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి చేసిన గింజలమ్మా, నూరు గింజలకి ఒకటి చొప్పున కలిపినవి. పారేయకు. ఇంట్లో మగవాళ్లకి, పిల్లకి పెట్టాక మిగిలింది తినడం కూడా మానుకో. వాళ్లతోపాటే కూర్చో.

చెరువు గట్ల మీద, కొబ్బరితోటల్లో చెప్పుల్లేకుండా తిరుగుతావా? తడి మట్టిలో కొంకిపురుగుల పిల్లలు అరికాలి చర్మంలోంచి దూరి పేగుల్లోకి చేరి రక్తం తాగుతాయి. ఈ సంగతీ డాక్టరుకి చెప్పు, ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు. ఆయాసం, గుండెదడ, ఐరన్ మాత్రలు మొదలెట్టకుండానే నల్లటి విరేచనం, కారణం లేకుండా బరువు తగ్గడం... వీటిలో ఏదున్నా రేపూ ఎల్లుండీ అనుకోవద్దు.

భీమవరం చెరువు రైతు – జనవరి 21

చెల్లెమ్మా, నర్సమ్మగారు నీ గురించి చెప్పారు. నేను మా బావగారి గురించి, అంటే మీ ఆయన గురించి చెబుతాను. కూర్చున్నచోటే గురక పెట్టి నిద్రపోతున్నారన్న మాట దగ్గర ఆగిపోయాను. నేనూ అదే మనిషిని.

పదిహేనేళ్లుగా చెరువులు చేస్తున్నాను. నీళ్లలో నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే తీసుకుంటుంది. అందుకే తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ అడుక్కి పోతుంది. మూడింటికి మీటరు ముంచి చూడటం, నాలుగు కంటే తగ్గితే నీళ్లని చిలికి గాలి కలిపే ఏరేటరు ఇంకోటి వేయడం, ఇదే నా బతుకు. పగటి నిద్ర దానివల్లే అనుకున్నాను. పంట తీసేసి నెల్లాళ్లు ఇంట్లో రాత్రి తొమ్మిది నుంచి ఆరు దాకా పడుకున్నా పొద్దున్నే తలనొప్పి, నోరు ఎండిపోవడం, పగలు మళ్లీ కునుకు. రాత్రి మూడుసార్లు మూత్రానికి లేచి వెళ్లాల్సొచ్చేది. బీపీ రెండు మాత్రలకీ దిగేది కాదు. ఒకరోజు ఉండి ఊరెళ్లే రోడ్డులో బండి మీద కళ్లు మూతపడి కాలవగట్టు దిగిపోయాను. గుర్రపుడెక్కలో చక్రం చిక్కుకుని బండి ఆగింది కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను.

మా ఆవిడ ఒక రాత్రి ఫోన్‌లో వీడియో తీసింది. గురక, గురక, గురక... ఉన్నట్టుండి నిశ్శబ్దం. పొట్ట లేస్తోంది గానీ గాలి వెళ్లట్లేదు. చాలాసేపటికి మునిగినవాడు పైకి తేలినట్టు ఒక్క గుటక. అది చూసి నాకు చెమటలు పట్టాయి. డాక్టరుగారు వేలికి క్లిప్పు, ఛాతీకి పట్టీ కట్టుకుని ఒక రాత్రి పడుకోమన్నారు. గంటకి 34 సార్లు ఊపిరి ఆగుతోందని వచ్చింది. అయిదు లోపు ఉండాలట, 30 దాటితే తీవ్రం. రొయ్యలకి ఆక్సిజన్ చాలదేమోనని రాత్రంతా మేలుకున్నాను గానీ, నిద్రలో నా ఒంట్లో ఆక్సిజన్ 78 శాతానికి పడిపోతోందని నాకెవరూ చెప్పలేదు.

ఇప్పుడు సీపాప్ మిషను, అంటే నిద్రలో మాస్కులోంచి గాలిని ఒత్తిడితో లోపలికి పంపేది, పెట్టుకుని పడుకుంటున్నాను. మొదటి పది రోజులు ముఖం మీద ఆ మాస్కుతో చాలా చిరాకు పడ్డాను. పదకొండో రోజు పొద్దున్న తలనొప్పి లేదు. రాత్రి మద్యం తాగడం మానేశాను, పక్కకి తిరిగి పడుకుంటున్నాను, తొమ్మిది కిలోలు తగ్గాను. బావగారి గురక ఒకసారి వీడియో తియ్యమ్మా. బండి నడిపే మనిషి.

పాలకొల్లు టైలరు – ఏప్రిల్ 27

ఇన్ని రోజులు రాయనందుకు క్షమించండి. మాఘమాసం పెళ్లిళ్ల పని, ఆ తర్వాత పాప పరీక్షలు.

నర్సమ్మగారూ, మీరు చెప్పిన వారమే రక్తం ఇచ్చాను. హిమోగ్లోబిన్ 7.9, ఫెర్రిటిన్ 5. థైరాయిడ్, బి12 బాగానే ఉన్నాయి. హెచ్‌బీఏ1సీ 5.9 వచ్చింది. ఐరన్ తక్కువున్నప్పుడు ఆ అంకె కొంచెం ఎక్కువ చూపించొచ్చు, రక్తం పుంజుకున్నాక మళ్లీ చూద్దాం అన్నారు డాక్టరుగారు. స్కానింగ్‌లో గర్భసంచిలో నాలుగు సెంటీమీటర్ల గడ్డ ఉంది. ఫైబ్రాయిడ్, కేన్సర్ కాదు అని ఆడవాళ్ల డాక్టరుగారు మొదటే చెప్పారు, లేకపోతే అక్కడే కూలబడేదాన్ని. ఆపరేషన్ ఇప్పుడే అక్కర్లేదట. నెలసరి రోజుల్లో రక్తం తగ్గడానికి మాత్రలిచ్చారు.

ఐరన్ మాత్రలు మొదట్లో కడుపులో తిప్పాయి, మానేద్దామనుకున్నాను. రోజు మార్చి రోజు వేసుకోమన్నారు, అప్పుడు పడింది. నెలకి 9.4, మొన్న 11.3. అంకె మామూలుకి వచ్చాక కూడా ఇంకో మూడు నెలలు వాడాలట, మీరన్న గాదె నిండాలి కదా.

అందరికంటే ముందు పోయింది బియ్యం యావ. రెండో వారంలో ఒకరోజు సాయంత్రం చూసుకుంటే గిన్నెలో బియ్యం పొద్దున్న పోసినవి పోసినట్టే ఉన్నాయి. నేను అసలు చెయ్యే పెట్టలేదు. తర్వాత కాళ్లు లాగడం తగ్గింది. అన్నం తర్వాత టీ మానడమే అన్నిటికంటే కష్టమైంది, ఇప్పుడు నాలుగింటికి తాగుతున్నాను. పూర్తిగా బాగైపోయానని అనను. రాత్రి కరెంటు పోతే ఇంకా మెలకువ వస్తుంది, మర్నాడు ఒళ్లు బరువుగానే ఉంటుంది. కానీ అది నిద్ర చాలని నీరసం, ఇదివరకటిది కాదు. తేడా నాకు తెలుస్తోంది.

అన్నయ్యా, వీడియో తీశాను. మీరు చెప్పినట్టే మధ్యలో నిశ్శబ్దం. ఆయనకి చూపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. పరీక్షకి వచ్చే వారం వెళ్తున్నాం. ఒక్కటే అనుమానం. ఒకవేళ మిషను పెట్టుకోమంటే, చెరువు మీద షెడ్డులో కరెంటు పోయినప్పుడు ఎలా?

భీమవరం చెరువు రైతు – ఏప్రిల్ 27

సంతోషం చెల్లెమ్మా. షెడ్డులో చిన్న ఇన్వర్టరు, బ్యాటరీ పెట్టండి. గాలికి తేమ పట్టించే నీళ్ల తొట్టె, దాని వేడి ఆపేస్తే మిషను లాగే కరెంటు చాలా తక్కువ, నాది రాత్రంతా నడుస్తుంది. చెరువు మీద దుమ్ము, మేత పొడి ఎక్కువ కాబట్టి ఫిల్టరు వారం వారం చూసుకోవాలి. పరీక్ష అయ్యేదాకా మాత్రం బావగారి చేతికి రాత్రిపూట బండి తాళం ఇవ్వకు.