ఫ్యాన్ ఎడిట్ కింద రాసే డిస్క్రిప్షన్ అసలు ఎవరైనా చదువుతారా?

ఉప్పుగాలి (ఎంవీపీ కాలనీ):

ఖాళీ దొరికినప్పుడల్లా పాత పాటలకి వేరే సినిమాల షాట్లు కలిపి మ్యూజిక్ వీడియోలు, అదే ఫ్యాన్ ఎడిట్లు, చేసి యూట్యూబ్‌లో పెడుతుంటాను. ఈమధ్య ఒక వాన పాటకి చేశాను. అందులో కావాలనే ఒక్క వాన షాటు కూడా పెట్టలేదు. అన్నీ వాన పడబోయే ముందు సంగతులే, మేడ మీద ఆరేసిన బట్టలు గబగబా తీసేవాళ్లు, గాలికి టపటపా కొట్టుకునే కిటికీ తలుపులు, గొడుగు తెరవబోయి ఆగిపోయిన చెయ్యి, ఇలాంటివి. ఆఖరి చరణానికి మాత్రం భీమిలి రోడ్డు మీద ఫోన్‌తో తీసుకున్న మబ్బులు వాడాను.

ఇదంతా డిస్క్రిప్షన్‌లో రాశాను. పాట రాసిందెవరు, కట్టిందెవరు, పాడిందెవరు, ఏ షాటు ఎక్కడిది, ఒక పాత టీవీ కాపీ సెకనుకి 25 ఫ్రేములు, మిగతావన్నీ 24 కావడంతో మనుషుల నడకలో కుదుపు వస్తుంటే దాన్నెలా సర్దానో కూడా. వీడియో పెట్టాక వచ్చిన మొదటి కామెంట్ "పాట ఏది బ్రో?" పాట పేరు డిస్క్రిప్షన్ మొదటి లైన్లోనే ఉంది! రెండోది "వాన పాటకి వానేది?"

వ్యూస్ రాలేదని ఏడవడం లేదు, అవి ఎప్పుడూ అంతంతమాత్రమే. నిజంగా తెలుసుకుందామనే అడుగుతున్నాను, మీరు చూసే ఎడిట్ల కింద ఏం రాశారో చదువుతారా? చదవకపోతే ఇక నేను కూడా రెండు ముక్కలు రాసి ఊరుకుంటాను.

గాజువాక కటింగ్:

చదవరు గురూ. వాళ్లని అని కూడా లాభం లేదు. ఫోన్లో నీ వీడియో ఎలా కనబడుతుందో ఒకసారి వేరేవాళ్ల ఫోన్ తీసుకుని చూడు. పైన టైటిల్, కింద వ్యూస్, ఎప్పుడు పెట్టావో ఒక ముక్క, ఆ పక్కన బూడిద రంగులో చిన్నగా "మోర్" అని. అది నొక్కితేనే నువ్వు రాసిందేదో బయటకొచ్చేది. రాసుకోవడానికైతే 5,000 అక్షరాల దాకా ఇస్తారులే. షార్ట్స్‌లో మరీ ఘోరం, మూడు చుక్కల మెనూలోకి వెళ్లి వెతుక్కోవాలి. టీవీలో చూసేవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు, రిమోట్ పట్టుకుని డిస్క్రిప్షన్ దాకా వెళ్లిన మనిషిని మా ఇంట్లో ఇంతవరకు చూడలేదు.

పైగా జనానికి ఆ అలవాటు పోగొట్టింది మన ఎడిటర్లే. ఏది తెరిచినా సబ్‌స్క్రైబ్ చేయండి, బెల్ కొట్టండి, ఇన్‌స్టా లింకు, ఆ కింద హ్యాష్‌ట్యాగుల జాతర (60 దాటితే యూట్యూబ్ ఒక్కదాన్నీ పట్టించుకోదు, అయినా పెడతారు). షార్ట్స్ కింద లింకులు 2023 ఆగస్టు 31 నుంచి నొక్కినా పనిచేయవు, ఇప్పటికీ అతికిస్తూనే ఉన్నారు. నాలుగుసార్లు ఇదే చెత్త కనబడ్డాక ఐదోసారి ఎవడు తెరుస్తాడు?

పాట పేరు టైటిల్లో పెట్టు. నీ కథ పిన్ కామెంట్లో, అంటే అన్నిటికంటే పైన నిలిచిపోయేలా పెట్టుకునే నీ కామెంట్లో పెట్టు. కామెంట్లయితే పాట నడుస్తుండగానే చదువుతారు.

పాతపాటల పిచ్చి:

నేను చదువుతాను. అందరివీ కాదు, మొదటిసారి చూసినప్పుడూ కాదు. వీడియో నచ్చి మళ్లీ పెట్టుకున్నప్పుడు, ఎవరు చేశారబ్బా అనిపించి కిందికి వెళ్తాను. ఒకసారి ఒకమ్మాయి చేసిన ఎడిట్‌లో పల్లవి వచ్చిన ప్రతిసారీ అదే రైలు షాటు వస్తుంటే, వేరే షాట్లు దొరకలేదేమో పాపం అనుకున్నాను. కిందికెళ్లి చదివితే, ఒక్కోసారి రెండేసి ఫ్రేములు తగ్గించుకుంటూ వచ్చిందట, ఆఖరి పల్లవికి రైలు కనబడీ కనబడకుండా వెళ్లిపోవాలని. మళ్లీ చూస్తే గుండె పట్టేసినట్టయింది. ఆ నాలుగు లైన్లు చదవకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

ఇంకో మాట. హీరో పేరు, హీరోయిన్ పేరు, ఎడిట్ చేసిన యాప్ పేరు కూడా వేస్తారు, పాట రాసినవాళ్ల పేరు మాత్రం ఉండదు. సిరివెన్నెల గారు పెరిగింది ఇక్కడ అనకాపల్లిలో, మన పక్కనే. ఆయన పాటలకి మన వైజాగ్ కుర్రాళ్లు చేసిన ఎడిట్ల కింద కూడా ఆ పేరు వెతుక్కోవాల్సి వస్తోంది. నువ్వు రాస్తున్నావు కదా, దయచేసి మానకు.

నేను ఠక్కున వెనక్కొచ్చేసేది ఎక్కడంటే, ఆ కాపీ పేస్ట్ డిస్క్లెయిమర్ దగ్గర. "సెక్షన్ 107, కాపీరైట్ యాక్ట్ 1976" అని మర్రిపాలెంలో కూర్చుని అమెరికా చట్టం రాస్తారేంటండీ! మనది 1957 చట్టం, అనుమతి లేకుండా ఎంతవరకు వాడుకోవచ్చో చెప్పే మినహాయింపుల సంగతి అందులో సెక్షన్ 52లో ఉంటుంది. ఏది రాసినా ఒకటే అనుకోండి, కాపీరైట్ ఉన్నవాటిని పట్టుకునే యూట్యూబ్ కంటెంట్ ఐడీ పోల్చి చూసేది పాటనీ బొమ్మనీ, కింద మీరు పెట్టుకున్న దండాలని కాదు.

జగదాంబ సెకండ్ షో:

ఏటి గురూ, వీడియో కింద ఇంత పురాణమా? షాటు చూస్తే తెలియాలి. తెలియలేదా, షాటు మార్చు. హాల్లో సినిమా చూసేటప్పుడు డైరెక్టర్ పక్కన కూర్చుని ఇది ఇందుకు పెట్టాను, అది అందుకు పెట్టాను అని చెవిలో చెప్తాడా?

అయినా నీకు ఆ రెండో కామెంట్ మీద కోపమెందుకో నాకు అర్థం కాలేదు. "వానేది" అని అడిగాడంటే వాన లేదని గమనించాడు కదా. నువ్వు ఒక పేరా నిండా రాసింది అతను డిస్క్రిప్షన్ తెరవకుండానే పట్టేశాడు. నీ వీడియో సరిగ్గా చూసినవాడు అతనే. వెళ్లి అతనికి జవాబియ్యి ముందు.

పాత నెట్ సెంటర్:

ఇది సినిమా ఎడిట్లతో మొదలైన గొడవ కాదు. అనిమే, అంటే జపాన్ కార్టూన్ల అభిమానుల్లో చాలా పాతది. 1982లోనే జిమ్ కపోస్టాస్ అనే ఆయన రెండు వీసీఆర్‌లు ఒకదానికొకటి తగిలించి పాటకి కార్టూన్ షాట్లు కలిపాడు, అనిమే మ్యూజిక్ వీడియోల్లో మొదటిది అదేనంటారు. తర్వాత 2000లో వీటి కోసమే ఒక సైట్ వచ్చింది, అందులో ప్రతి వీడియోకీ విడిగా ఒక పేజీ. ఏ అనిమే, ఏ పాట, చేసినవాడు ఏమంటున్నాడు, అవన్నీ ఆ పేజీలో ఉండేవి. అప్పట్లో ఫైలు దించుకుని చూడాలి కాబట్టి ముందు ఆ పేజీకే వెళ్లేవాళ్లం. ద్వారకానగర్ నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి కూర్చుని, ఆ ఫైలు దిగేదాకా చేసే పనేముంటుంది? అతను రాసిందే చదివేవాళ్లం, ఒక్కోసారి రెండుసార్లు. వీడియో కంటే ముందు చేసినవాడి మాట వినబడేది. ఇప్పుడు వేలు తగిలితే పాట మొదలైపోతుంది, రాత వెనకపడింది. మనుషులు మారారని నేననుకోను, ఏది ముందొస్తుందో అది మారింది.

కాబట్టి సెకండ్ షో గారూ, హాల్లో చెవిలో చెప్పరు, నిజమే. కానీ పాటల పుస్తకం గేటు దగ్గరే అమ్మేవాళ్లు కదా.

ఉప్పుగాలి:

సెకండ్ షో అన్నా, దెబ్బ కొట్టావు. ఆ రెండో అతనికి ఇప్పుడే జవాబిచ్చాను, అతను కంచరపాలెంలోనే ఉంటాడట, ఇంకా మాట్లాడుకుంటున్నాం. షాటు మార్చమంటే మాత్రం మార్చను.

రాయడం మానను. పాట పేరు టైటిల్లోకి, రాసినవాళ్ల పేరు కూడా పక్కనే. వాన ఎందుకు లేదో పిన్ కామెంట్లో పెట్టను, అడిగినవాళ్లకే చెప్తాను. ఫ్రేముల గోల కిందే ఉంటుంది, అది నాలాంటి వాళ్ల కోసం. పాత నెట్ సెంటర్ గారూ, వీడియో కంటే ముందు కాకపోయినా, వీడియోలోనే నాలుగు మాటలు కనబడేలా పెట్టే దారి ఏమైనా ఉందా? స్క్రీన్ మీద అక్షరాలు వేయడం నాకు ఇష్టం లేదు.

గాజువాక కటింగ్:

ఉంది. డిస్క్రిప్షన్‌లో టైమ్‌స్టాంపులు వెయ్యి, అవి చాప్టర్లుగా మారి కింద గీత మీద వేలు పెట్టినప్పుడు పేర్లు కనబడతాయి. మొదటిది కచ్చితంగా 0:00 ఉండాలి, మొత్తం కనీసం మూడు ఉండాలి, ఒక్కోటి 10 సెకన్లకి తగ్గకూడదు. "పల్లవి", "చరణం" అని పెట్టి వదిలేయకు. "బట్టలు తీసేయండి", "తలుపులు వేయండి", "గొడుగు ఎక్కడ" అని పెట్టు. నీ డిస్క్రిప్షనే చదువుతున్నామని వాళ్లకి తెలియను కూడా తెలియదు.